అమ్మ ఫోన్‌కి రాని మెసేజ్

2025 జనవరి 6న చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ మొదలైంది. సికింద్రాబాద్ మీద రద్దీ తగ్గించడానికి కొన్ని రైళ్లను అక్కడికి మార్చారు. పేపర్లలో వచ్చింది, టీవీల్లో చెప్పారు, టికెట్ మీద కూడా స్టేషన్ పేరు ఉంటుంది. అయినా నలభై ఏళ్లుగా సికింద్రాబాద్‌లోనే రైలెక్కిన మనిషికి ఆటోలో కూర్చోగానే నోటికొచ్చే మాట "సికింద్రాబాద్ స్టేషన్‌కి పోనియ్ బాబూ" అనే. హైదరాబాద్‌లో రైలంటే సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ. పెద్దవాళ్ల లెక్క ఈ మూడింటితో ఆగిపోతుంది. చర్లపల్లి చూస్తే ఊరికి తూర్పు చివర. సికింద్రాబాద్‌లో దిగి ప్లాట్‌ఫాం వెతుక్కుని, ఎవరినో అడిగి, తప్పు తెలుసుకునేసరికి రైలు వెళ్లిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఆ టికెట్ ఎవరు తీశారో చూడండి. చాలా ఇళ్లలో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకో కూతురో తన ఐఆర్‌సీటీసీ అకౌంట్‌లోంచి తీస్తారు. మొబైల్ నంబర్ అడిగిన చోట అలవాటుగా వాళ్ల నంబరే ఉంటుంది. టికెట్ ఖాయమైందనీ, కోచ్, బెర్తు ఫలానా అనీ, రైలు రద్దయిందనీ, టైం మారిందనీ వచ్చే మెసేజ్‌లన్నీ ఆ నంబరుకే పోతాయి. డాలస్‌లో అప్పుడు అర్ధరాత్రి. ప్రయాణం చేసే అమ్మ దగ్గర ఉన్నది మాత్రం వాట్సాప్‌లో వచ్చిన ఒక స్క్రీన్‌షాట్. అక్షరాలు చీమల్లా ఉంటాయి, పెద్దవి చేద్దామని వేళ్లతో లాగితే కావలసిన ముక్క పక్కకి జారిపోతుంది. బుకింగ్‌లో ఆ ఒక్క నంబరు మార్చి అమ్మ నంబరు వేస్తే రైల్వే వాళ్ల మెసేజ్ నేరుగా ఆమెకే వస్తుంది. దీనికి ఏ యాప్ అక్కర్లేదు, కీప్యాడ్ ఫోన్ ఉన్నా చాలు. అయినా మనకి తట్టదు.

పెద్దవాళ్లకి డిజిటల్ నేర్పాలి అనగానే అందరి ధ్యాసా డబ్బు కట్టడం మీదకో టికెట్ బుక్ చేయడం మీదకో పోతుంది. క్లాసులు పెట్టేవాళ్లు కూడా యూపీఐతోనే మొదలుపెడతారు. దారిలో మనిషికి ముందు కావలసింది మాత్రం సమాచారం: బస్సు ఎక్కడుంది, రైలు ఎంత లేటు, ఏ ప్లాట్‌ఫాం, ఎక్కడ దిగాలి. ఇవి తెలిస్తే ధైర్యం వస్తుంది, డబ్బు కట్టడానికి ఇంకా కండక్టర్ ఉన్నాడు, కౌంటర్ ఉంది. ఈ వరసని తిరగేసి, అన్నింటికన్నా భయం పుట్టించే పనిని మొదటి రోజే చేతిలో పెట్టి, "మా నాన్నకి ఇవేం ఎక్కవండీ" అనేస్తాం.

నిజానికి వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది, బాగానే పనిచేసేది కూడా. మెహిదీపట్నంలో నిలబడి 49ఎం వస్తే సికింద్రాబాద్ వెళ్తుందని బోర్డు చదవకుండానే గుర్తుపట్టేవాళ్లు. తెలియకపోతే పక్కవాళ్లని అడిగేవాళ్లు. కండక్టర్‌కి చెప్పి కూర్చుంటే స్టాపు రాగానే "పెద్దాయనా, దిగు" అని కేకేసేవాడు. చిల్లర లేకపోతే ఇవ్వాల్సింది టికెట్ వెనక రాసిచ్చేవాడు, దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని అడగడం మన పని, మర్చిపోతే పోయినట్టే. బస్టాండ్‌లో ఎంక్వైరీ కిటికీ ఉండేది. అంటే సమాచారమంతా మనుషుల దగ్గర ఉండేది, అడిగితే దొరికేది. ఇప్పుడు అదే సమాచారం ఫోన్‌లోకి వెళ్లిపోయింది, అడగడానికి ఉన్న మనుషులు తగ్గారు. స్టాపులో పక్కన నిలబడ్డ కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంటాడు. పెద్దవాళ్లకి కొత్తగా వచ్చిపడిన కష్టంలో ఫోన్ వాటా సగమే, అడిగే దారి మూసుకుపోవడం మిగతా సగం.

వాళ్లు నేర్చుకోలేరన్న మాట ఎలాగూ నిలవదు. వాట్సాప్ ఎవరు నేర్పారు? ఏ క్లాసూ లేదు, ఏ సర్టిఫికెట్టూ లేదు. మనవరాలి ఫొటోలు అందులోనే వస్తాయి కాబట్టి నేర్చుకున్నారు. ఇప్పుడు పొద్దున్నే అయిదింటికల్లా పూల బొమ్మలతో శుభోదయాలు పంపేది వాళ్లే. కావలసిన పని ఉంటే వేలు దానంతటదే తిరుగుతుంది. ఈ సంగతి కొందరు పట్టుకున్నారు కూడా. హైదరాబాద్ మెట్రో 2022 అక్టోబరులో వాట్సాప్‌లోనే టికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న తెచ్చిన మన మిత్ర వాట్సాప్ సేవలో ఆర్టీసీ టికెట్లు కూడా ఉన్నాయి. కొత్త యాప్ దించుకుని, పాస్‌వర్డ్ పెట్టి, అది మర్చిపోయి, మళ్లీ పెట్టే తతంగం కన్నా తెలిసిన పెట్టెలో మెసేజ్ కొట్టడం ఎంతో నయం. ముందు ఒక "హాయ్" కొట్టాలి, అదొక్కటే కాస్త విచిత్రంగా ఉంటుంది వాళ్లకి. మిషన్‌కి హాయ్ ఏమిటి అంటారు, నిజమే.

నేర్పేటప్పుడు జరిగే పెద్ద తప్పు నేర్పేవాళ్ల చేతిలోనే ఉంటుంది. "ఇలా ఇవ్వు, నేను చేసిస్తా" అని ఫోన్ లాక్కోవడం. అర నిమిషంలో పని అయిపోతుంది, అమ్మ చూసింది మాత్రం కొడుకు బొటనవేలు గిరగిరా తిరగడం. రెండోసారి అడిగితే "నిన్ననే చెప్పాను కదా" అంటాం, మూడోసారి ఆవిడ అడగడం మానేస్తుంది. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి, నొక్కేది వాళ్ల వేలే అవ్వాలి, మనం చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోవాలి. ఇది వినడానికి తేలిక, చేసి చూస్తే తెలుస్తుంది మన ఓపిక ఎంతో. ఇంకోటి, మన ఫోన్‌లో చూపించి వాళ్ల ఫోన్‌లో చేసుకోమంటే కుదరదు. కంపెనీ మారితే బటన్లు మారతాయి, బొమ్మలు మారతాయి, వెనక్కి వెళ్లే గుర్తు కిందుండేది పోయి అంచు నుంచి వేలితో లాగడం వస్తుంది.

చాలాసార్లు అడ్డం పడేది తెలివి కాదు, వేలు. వయసు పెరిగేకొద్దీ చర్మం ఎండిపోతుంది, స్క్రీన్ సరిగ్గా పట్టుకోదు. పట్టుకోలేదని గట్టిగా నొక్కి ఉంచుతారు, ఫోన్ దాన్ని ఇంకో రకం ఆజ్ఞ అనుకుని ఏదో మెనూ తెరుస్తుంది. "నేనేం చేయలేదు, దానంతటదే వచ్చింది" అంటే అబద్ధం కాదు. గోడమీద స్విచ్ నొక్కినట్టు కాకుండా వేడి పెనాన్ని తాకి తీసినట్టు తాకమంటే వంటింట్లో బతుకంతా గడిపినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. స్క్రీన్ కింద ఇంకా ఉందని తెలియకపోవడం మరొకటి, పైకి తోస్తే కనిపించే "కొనసాగించు" బటన్ కోసం అయిదు నిమిషాలు వెతుకుతారు. కీబోర్డు పైకి లేచి అసలు బటన్‌ని కప్పేస్తుంది. ఓటీపీ చూడటానికి మెసేజ్‌లోకి వెళ్లి, అంకెలు కాయితం మీద రాసుకుని, వెనక్కి వచ్చేసరికి ఇచ్చిన టైం అయిపోతుంది.

వీటిలో కొన్నింటికి మందు సెట్టింగ్‌లలోనే ఉంది, ఒక పూట కూర్చుంటే చాలు. అక్షరాలు పెద్దవి చేయడం, ఫోన్ భాష తెలుగులోకి మార్చడం (కొందరికి ఇంగ్లీషు బొమ్మలే అలవాటై తెలుగు ఇంకా ఇబ్బందిగా ఉంటుంది, అడిగి మార్చాలి), టైప్ చేయకుండా మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడటం చూపించడం, అక్కర్లేని యాప్‌లు తీసేసి ప్రయాణానికి పనికొచ్చే మూడు నాలుగే మొదటి పేజీలో ఉంచడం. స్క్రీన్ దానంతటది ఆరిపోయే టైం తప్పకుండా పెంచాలి. ముప్ఫై సెకన్లకి ఆరిపోయేలా ఉంటే గేటు ముందు నిలబడి కళ్లద్దాలు వెతుక్కునేలోపు క్యూఆర్ మాయమైపోతుంది, వెనక లైనులో వాళ్లు సణుగుతారు, ఇక జన్మలో మెట్రో వద్దంటారు.

అలా చక్కబెట్టాక మొదట ఏం నేర్పాలి? డబ్బుతో, లాగిన్‌తో, ఓటీపీతో సంబంధం లేనిది. రైళ్ల విషయంలో వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. తెలుగులో ఉంది, అకౌంట్ అడగదు, రైల్లో కూర్చున్నప్పుడు సెల్ టవర్ల ఆధారంగా ఎక్కడున్నామో చెబుతుంది కాబట్టి నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తెల్లవారుజామున మూడింటికి దిగాల్సిన స్టేషన్ కోసం రాత్రంతా కిటికీలోంచి తొంగిచూసే నాన్నకి ఇదొక్కటి వస్తే చాలు, నిద్రపోతాడు. తప్పు నొక్కితే పోయేదేమీ లేదు, అసలు కిటుకు అదే. బస్సులకి తెలంగాణ ఆర్టీసీ 2023 ఆగస్టులో తెచ్చిన గమ్యం యాప్ ఉంది, ఆంధ్రలో ఏపీఎస్ ఆర్టీసీ లైవ్ ట్రాక్ ఉంది. బస్సుకి ట్రాకింగ్ పరికరం ఉంటేనే అది మ్యాప్‌లో కనిపిస్తుందని ముందే చెప్పాలి, లేకపోతే కళ్లముందు బస్సు వెళ్తున్నా ఫోన్‌లో కనపడటం లేదని ఎక్కకుండా నిలబడేవాళ్లూ ఉంటారు.

రెండో మెట్టు, తీసిన టికెట్‌ని చూపించగలగడం, చదవగలగడం. ఆన్‌లైన్ రిజర్వేషన్ టికెట్‌కి ప్రింటు అక్కర్లేదు, ఐఆర్‌సీటీసీ నుంచి వచ్చిన మెసేజ్, దానితో పాటు ఒరిజినల్ గుర్తింపు కార్డు చాలు. టికెట్‌లో చూడాల్సినవి కొన్నే: పీఎన్ఆర్, తేదీ, ఎక్కే స్టేషన్, కోచ్, బెర్తు. ఎక్కే స్టేషన్ దగ్గర ఒక నిమిషం ఆగాలి. సికింద్రాబాద్‌కి ఎస్‌సీ, చర్లపల్లికి సీహెచ్‌జడ్ అని కోడ్ ఉంటుంది, ఆ అక్షరాలు చూసి గుర్తుపట్టడం వస్తే మొదట చెప్పుకున్న పొరపాటు జరగదు. వెయిటింగ్ లిస్ట్ సంగతి కూడా విడమరిచి చెప్పాల్సిందే. కౌంటర్‌లో తీసిన వెయిటింగ్ టికెట్ చేతిలో పెట్టుకుని ఎలాగోలా రైలెక్కేసిన తరం అది. ఆన్‌లైన్‌లో అలా కాదు, చార్ట్ తయారయ్యాక కూడా ఆ టికెట్ మీదున్న అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే టికెట్ దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి పోతుంది, ఎక్కితే టికెట్ లేనట్టే. ఈ తేడా తెలియక టీసీతో గొడవపడేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే అయితే ఆశ్చర్యం లేదు, వాళ్లకి తెలిసిన రూలు నిజంగానే ఒకప్పటి రూలు.

పిల్లలకి తెలియని సంగతి కూడా ఒకటి ఇందులో ఉంది. అరవై దాటిన మగవాళ్లకి, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది. బుకింగ్‌లో కోటా దగ్గర దాన్ని విడిగా ఎంచుకోవాలి, పైగా ఒక టికెట్ మీద ఇద్దరికి మించి ఉండకూడదు. అమ్మ, నాన్న, పెద్దమ్మ ముగ్గురినీ కలిపి ఒకే టికెట్‌లో వేసేసి, మోకాళ్ల నొప్పులున్న మనిషికి అప్పర్ బెర్త్ వచ్చిందని రైల్వేని తిట్టుకునే ఇళ్లు బోలెడు. ఛార్జీలో రాయితీ మాత్రం లేదు, మగవాళ్లకి 40 శాతం, ఆడవాళ్లకి 50 శాతం ఉండేది 2020 మార్చిలో ఆపేశారు, మళ్లీ తేలేదు. ఏపీఎస్ ఆర్టీసీలో అరవై దాటినవాళ్లకి 25 శాతం రాయితీ ఉంది, అడగాలి, వయసు రుజువు చూపించాలి.

ఇవన్నీ ఏ రోజు నేర్పాలన్నది కూడా తేల్చుకోవాలి. తత్కాల్ తెరుచుకునే పొద్దున పదింటికో పదకొండింటికో కూర్చోబెట్టి "నువ్వే నొక్కు" అంటే అది పాఠం అవదు, పరీక్ష అవుతుంది. సంక్రాంతి టికెట్లు కూడా అంతే. ఇప్పుడు అరవై రోజుల ముందే బుకింగ్ తెరుస్తున్నారు కాబట్టి నవంబరు మధ్యలో ఆ తొక్కిసలాట ఉంటుంది, అప్పుడు ఎవరి వేలు చురుకైనదైతే వాళ్లు చేయాలి. నేర్చుకోవడానికి ఎవరూ ప్రయాణం చేయని ఓ మంగళవారం, ఖాళీగా పోయే రైలు, నిజంగా వెళ్లాల్సిన ఊరు కావాలి. నిజంగా వెళ్లాల్సిన ఊరు అన్నది ఊరికే అనడం లేదు, ఉత్తుత్తి ప్రాక్టీసు ఎవరికీ గుర్తుండదు.

అన్నట్టు, అన్నింటికీ ఫోన్ కావాలన్న భ్రమ కూడా తగదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో వచ్చింది. ఇందులో యాప్ లేదు, కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. అయితే తెలంగాణలో పథకం కొత్తల్లోనే ఆర్టీసీ గట్టిగా చెప్పింది: ఒరిజినల్ కార్డు కావాలి, జిరాక్సులూ ఫోన్‌లో ఫొటోలూ చెల్లవని. రైల్లో చూస్తే డిజిలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లోని ఆధార్‌ని ఒప్పుకుంటారు. ఒకే ఆధార్, ఒకే ఫోన్, రైల్లో చెల్లింది బస్సులో చెల్లదు. "అన్నీ ఫోన్‌లో ఉన్నాయి అమ్మా, కార్డు ఎందుకు" అని కార్డు ఇంట్లో పెట్టించిన పిల్లలు దీనికి జవాబు చెప్పాలి. పాత పద్ధతిలో కార్డులు ప్లాస్టిక్ కవర్లో వేసి చేతిసంచిలో పెట్టుకోవడమే ఇంకా మేలు.

మెట్రో కథ వేరు. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒక ఫోన్‌లో రెండు టికెట్లు తీస్తారు. క్యూఆర్‌లు రెండు, ఫోన్ ఒకటి. ఆవిడ మొదటిది చూపించి గేటు దాటుతుంది, ఫోన్ ఆవిడ చేతిలోనే అవతలికి వెళ్లిపోతుంది, ఆయన ఇవతల. గేటు మీదుగా ఫోన్ అందించుకోవడం, వేలితో పక్కకి తోసి రెండో క్యూఆర్ తేవడం, అది కాస్తా మొదటిదే అయి ఎర్ర లైటు వెలగడం. ఫోన్‌ని ఆయన తన చేతిలోనే ఉంచుకుని ముందు ఆవిడని పంపి, తర్వాత తను వెళ్లాలి. చెబితే నవ్వొచ్చేంత చిన్న విషయం, కానీ ఎవరూ చెప్పరు. తరచూ తిరిగేవాళ్లయితే చెరొక మెట్రో కార్డు కొనిపెట్టడం మంచిది. డిజిటల్ నేర్పడమంటే ఫోన్‌తోనే చేయించడం అన్న పట్టుదల దేనికి? కార్డు ఆనించడం గుడిలో హారతి కళ్లకద్దుకున్నంత తేలిక, బ్యాటరీ గొడవ లేదు, వెలుతురు గొడవ లేదు.

లోకల్ రైళ్ల జనరల్ టికెట్లకి ఫోన్ వాడేవాళ్లు ఇంకో చోట ఇరుక్కుంటారు. యాప్‌లో కాయితం లేని టికెట్ స్టేషన్ లోపలికి వచ్చాక తీయబోతే ఒప్పుకోదు, దొంగ ప్రయాణాలు ఆపడానికి పెట్టిన రూలు అది. బయటే తీసుకోవాలి, లేదంటే స్టేషన్‌లో అతికించిన క్యూఆర్ స్కాన్ చేసి తీసుకోవాలి. ప్లాట్‌ఫాం మీదకొచ్చి నింపాదిగా కూర్చుని తీద్దామనుకునే పెద్దమనిషికి యాప్ చెడిపోయిందనిపిస్తుంది. జనరల్ టికెట్ల యూటీఎస్ యాప్ అలవాటయ్యేలోపు 2025 జూలైలో రైల్వే అన్నీ కలిపిన రైల్‌వన్ యాప్ తెచ్చింది. మంచిదే, ఒకటే లాగిన్. కానీ అమ్మకి బొమ్మ మారింది, బటన్ చోటు మారింది, మళ్లీ మొదటికొచ్చింది.

ఇక డబ్బు. ఇది చివర రావాలి, వచ్చినప్పుడు జాగ్రత్తగా రావాలి. పెద్దవాళ్ల భయం తెలివితక్కువది కాదు. రిటైర్మెంటు డబ్బంతా ఒకే ఖాతాలో ఉండి, ఆ ఖాతాకే యూపీఐ తగిలించి ఉంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. అందుకే ప్రయాణాలకి విడిగా చిన్న ఖాతా, అందులో రెండు మూడు వేలు. యూపీఐ లైట్ అయితే ఇంకా సులువు, అందులో ఒకేసారి 5,000కి మించి ఉండదు, 1,000 లోపు చెల్లింపులకి పిన్ అడగదు, బస్సు టికెట్‌కి పర్సులోంచి చిల్లర తీసినట్టే. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌లో ఇంకో ఏర్పాటు ఉంది: ఖాతా కూతురిది, ఫోన్ అమ్మది. అమ్మ స్కాన్ చేస్తుంది, డబ్బు కూతురి ఖాతాలోంచి పోతుంది. ప్రతి చెల్లింపుకీ కూతురు ఒప్పుకునేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకి గరిష్ఠంగా 15,000, ఒక్కోసారి 5,000 లోపు వదిలేయొచ్చు. బస్సులో నిలబడి కూతురి ఒప్పుదల కోసం ఎదురుచూడటం కుదరదు కాబట్టి ప్రయాణాలకి రెండోదే పనికొస్తుంది. తన డబ్బు తన దగ్గర ఉండగా కూతురి ఖాతాలోంచి ఎందుకనే నాన్నలు ఉంటారు, ఆ అభిమానాన్ని తీసిపారేయకూడదు, వాళ్లకి చిన్న ఖాతాయే సరి.

మోసాల మాట కూడా ఇక్కడే చెప్పాలి, గంట ఉపన్యాసంలా కాకుండా జరిగే తీరు చూపించి. టికెట్ తీస్తుంటే డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు. టెన్షన్‌లో గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతుకుతారు. పైన కనిపించిన నంబరు దొంగది. అవతలివాడు ఎంతో మర్యాదగా, ముక్కలు ముక్కల తెలుగులోనో హిందీలోనో మాట్లాడుతూ స్క్రీన్ కనిపించే యాప్ ఒకటి దించుకోమంటాడు, తర్వాత డబ్బు "వెనక్కి రావడానికి" పిన్ కొట్టమంటాడు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే పోతున్నట్టే. రైల్వేకి 139, సైబర్ మోసమైతే 1930, ఈ రెండు అంకెలు ఫోన్ వెనక కవరు మీద రాసి అంటించాలి. ఐఆర్‌సీటీసీ పేరుతో నకిలీ యాప్ ఫైళ్లు వాట్సాప్‌లో తిరిగాయని ఐఆర్‌సీటీసీయే హెచ్చరించింది. వాట్సాప్‌లో ఎవరు పంపినా, బావమరిది పంపినా సరే, యాప్ దించుకోవద్దు, ప్లే స్టోర్‌లోంచే. కట్ అయిన డబ్బు చాలావరకు కొద్ది రోజుల్లో దానంతటదే వెనక్కి వస్తుందని ముందే తెలిసి ఉంటే సగం మోసాలకి చోటే ఉండదు, ఎందుకంటే దొంగ బతికేది ఆ కంగారు మీదే.

ఇంత చేశాక కూడా ఒక్క నంబరు దగ్గర పని ఆగిపోవచ్చు. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరణ, ఆధార్ ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ ఆధార్‌కి ఇచ్చిన నంబరుకే పోతుంది. పదేళ్ల కిందట ఆధార్ దిగినప్పుడు ఇచ్చిన నంబరు రీఛార్జ్ చేయక పోయి ఉంటుంది, ఇప్పుడు అది వేరే ఎవరి దగ్గరో మోగుతూ ఉంటుంది. కాబట్టి యాప్ తెరవకముందే చూసుకోవాల్సింది ఇది. మీసేవకో ఆధార్ సెంటర్‌కో ఒక పూట తీసుకెళ్లి నంబరు మార్పించడం పది యాప్‌లు నేర్పినదానికంటే ఎక్కువ పని చేస్తుంది.

ప్రభుత్వం తరఫున డిజిటల్ పాఠాలు లేవా అంటే, ఉండేవి. గ్రామాల్లో ఆరు కోట్ల ఇళ్లలో ఇంటికొకరికి నేర్పాలని 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ మొదలైంది. 2024 మార్చిలో అది ముగిసింది. అందులో చేరడానికి వయసు 14 నుంచి 60 మధ్య ఉండాలి. అరవై దాటితే అర్హత ఉండేది కాదు! 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల పైమాట. పని చేసే వయసు వాళ్లకి ముందు నేర్పాలన్న లెక్క అర్థమవుతుంది, కానీ టికెట్ కౌంటర్ తగ్గించేటప్పుడు వయసు చూడరు, నేర్పేటప్పుడు చూస్తారు. ఈ ఖాళీని పెన్షనర్ల సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, పార్కులో వాకింగ్ చేసే బృందాలు పూడ్చగలవు, వాళ్లకి ఎలాగూ రోజూ కూడే అలవాటు ఉంది. బోర్డు మీద రాసి చెప్పే క్లాసు మాత్రం వద్దు. నలుగురైదుగురు కలిసి, పక్కన ఒక కాలేజీ పిల్లని తోడు పెట్టుకుని, నిజంగా ఎక్కడికో ఒకచోటికి వెళ్లి రావాలి. మియాపూర్ నుంచి మెట్రోలో ఎంజీబీఎస్, అక్కడ టీ, తిరిగి రావడం. తప్పు జరిగితే నలుగురూ కలిసి నవ్వుకుంటారు, ఇంట్లో కొడుకు ముందు జరిగిన తప్పులా గుచ్చుకోదు. తోటివయసు వాళ్లు నేర్పితే ఇంకా బాగా ఎక్కుతుంది, "ఆవిడకి వచ్చింది, నాకు రాదా" అన్న పంతం ఏ సర్టిఫికెట్ కన్నా గట్టిది.

పెద్దవాళ్లకి నేర్పడమే కాదు, వ్యవస్థ కూడా కొంత వెనక్కి తగ్గాలని సింగపూర్‌లో తేలింది. అక్కడ 2024 జనవరిలో పాత ఈజీ లింక్ రవాణా కార్డులు ఆపేసి అందరినీ సింప్లీగో అనే కొత్త చెల్లింపు పద్ధతికి మార్చాలని నిర్ణయించారు. కొత్త పద్ధతిలో గేటు దగ్గర కార్డు ఆనిస్తే ఎంత కట్ అయిందో, ఎంత మిగిలిందో కనపడదు, ఫోన్‌లో యాప్ తెరిచి చూసుకోవాలి. జనం గోల పెట్టారు, పెద్దవాళ్లే కాదు, వయసులో ఉన్నవాళ్లు కూడా. రెండు వారాలకే నిర్ణయం వెనక్కి తీసుకుని, పాత పద్ధతిని నడపడానికి మరో 4 కోట్ల సింగపూర్ డాలర్లు పెడతామన్నారు. యాప్‌లు నేర్పడానికి ఊరంతా మనుషులని పెట్టిన దేశం అది, అక్కడే గేటు మీద కనిపించే ఆ రెండు అంకెలు కావాలన్నారు జనం. లండన్ బస్సుల్లో అయితే 2014 జూలై నుంచి నగదు తీసుకోవడమే లేదు. పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లు జేబులో పౌండ్ల నోటు పెట్టుకుని బస్సెక్కితే డ్రైవర్ తల అడ్డంగా ఊపుతాడు, కాబట్టి విమానం దిగిన రోజే వాళ్ల పేరున ఒక కార్డు చేతికివ్వాలి.

నేర్చుకోనంటే నేర్చుకోననేవాళ్లూ ఉంటారు. డెబ్భై అయిదేళ్ల వయసులో కీప్యాడ్ ఫోన్‌తో హాయిగా ఉన్న మనిషిని బలవంతంగా టచ్ ఫోన్‌లోకి లాగక్కర్లేదు. వాళ్ల నంబరుతో టికెట్ బుక్ చేసి, అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వచ్చు: రైలు పేరు, తేదీ, బయల్దేరే టైం, కోచ్, బెర్తు, పీఎన్ఆర్, కింద పిల్లల ఫోన్ నంబర్లు రెండు. అన్నింటికన్నా పైన, ఎర్ర ఇంకుతో, ఎక్కాల్సిన స్టేషన్ చర్లపల్లి అని.